సింప్సన్‌విల్ బోర్డు వెనుక సాల్ట్‌విల్

అమెరికాలో చరిత్ర బోర్డుల గొడవ మళ్లీ రాజుకుంది. దేశ చరిత్రను, అమెరికన్లను కించపరిచే రాతలు ఫెడరల్ స్థలాల్లో ఉండకూడదంటూ 2025 మార్చి 27న అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. అలాంటివి కంటపడితే ఫిర్యాదు చేయమని సందర్శకులను కోరుతూ ఆ జూన్‌లో నేషనల్ పార్కుల్లో నోటీసులు వెలిశాయి. ఈ వాదనలో పడి కొట్టుకుపోకూడని చిన్న బోర్డు ఒకటి కెంటకీ రాష్ట్రంలో ఉంది. లూయీవిల్‌కు తూర్పున, సింప్సన్‌విల్ దగ్గర, యూఎస్ 60 రోడ్డు పక్కన దాన్ని 2009లో పెట్టారు.

అది చెప్పేది అమెరికా అంతర్యుద్ధం నాటి, 1865 జనవరి 25 సంగతి. ఉత్తరాది పక్షమైన యూనియన్ సైన్యంలోని నల్లజాతి అశ్వికదళం 5వ యూఎస్ కలర్డ్ కావల్రీలో ఈ-కంపెనీకి చెందిన దాదాపు 80 మంది నల్లజాతి సైనికులు కెంటకీలోనే ఉన్న సైనిక స్థావరం క్యాంప్ నెల్సన్ నుంచి లూయీవిల్‌కు పశువులను తోలుకెళ్తున్నారు. మంద వెయ్యికి కాస్త తక్కువ. సగం మంది ముందు నడిస్తే సగం మంది వెనుక కాపలా. బానిసత్వం నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది పక్షం, అంటే కాన్ఫెడరేట్ గెరిల్లాలు వెనుక నుంచి విరుచుకుపడ్డారు. వాళ్లు పదిహేను మందికి మించరని అంచనా. 22 మంది సైనికులు చనిపోయారు. చాలామంది తీవ్రంగా గాయపడ్డారు. శవాలను ఊరివాళ్లు ఒకే గోతిలో పూడ్చారు.

ఇది ఊచకోత కాదు, యుద్ధంలో మామూలే అనేవాళ్లున్నారు. చనిపోయినవాళ్లు ఆయుధాలున్న సైనికులేననీ, కెంటకీలో యూనియన్ సైన్యాన్ని నడిపిన జనరల్ బర్‌బ్రిడ్జ్ కూడా ప్రతీకారంగా ఖైదీలను కాల్పించాడనీ వాళ్ల వాదన. రెండో మాట నిజం. ఒక్క యూనియన్ మనిషి చనిపోతే నలుగురు గెరిల్లా ఖైదీలను చంపమని 1864 జులైలో ఆయన ఆదేశించాడు. కానీ సింప్సన్‌విల్‌ను అర్థం చేసుకోవాలంటే ఆ ఆదేశం దగ్గర ఆగితే చాలదు. సింప్సన్‌విల్ దాడికి దాదాపు నాలుగు నెలల ముందు, ఇదే దళానికి వర్జీనియాలో ఏం జరిగిందో చూడాలి.

1864 అక్టోబరు 2న బర్‌బ్రిడ్జ్ సాల్ట్‌విల్ ఉప్పు బట్టీల మీద దాడికి దిగాడు. కొత్తగా చేర్చుకున్న నల్లజాతి అశ్వికులు సుమారు 400 మంది ఆయన వెంట ఉన్నారు. చేతికిచ్చింది గుర్రం మీద కూర్చుని మందు దట్టించడానికి పనికిరాని ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు. దారి పొడవునా సొంత సైన్యంలోని తెల్ల సైనికులే వాళ్ల తలల మీది టోపీలు లాగేశారు, గుర్రాలు దొంగిలించారు. ఈ సంగతి కల్నల్ బ్రిస్బిన్ నివేదికలో ఉంది. గుర్రాలు దిగి కొండ మీదికి ఎగబాకి కాన్ఫెడరేట్ కందకాలు పట్టుకున్నాక ఎగతాళి చేసినవాళ్లు నోరు మూశారని కూడా ఆయనే రాశాడు.

తూటాలు అయిపోయాయి. రాత్రికి రాత్రి బర్‌బ్రిడ్జ్ వెనక్కి మళ్లాడు. గాయపడ్డ చాలామందిని అక్కడే వదిలేశాడు. తెల్లారాక వాళ్లను వెతికి వెతికి కాల్చారు. ఈ మాట యూనియన్ వాళ్లు పుట్టించింది కాదు, కాన్ఫెడరేట్ అశ్వికదళంలోని జార్జ్ మాస్‌గ్రోవ్ స్వయంగా చూసి రాసింది. తర్వాతి రోజుల్లో ఎమొరీ అండ్ హెన్రీ కాలేజీ ఆస్పత్రిలో మంచాల మీదున్నవాళ్లనూ వదల్లేదు. ఎంతమంది చనిపోయారన్నదానిపై చరిత్రకారుల లెక్కలు కలవవు. కాన్ఫెడరేట్ జనరల్ ఫెలిక్స్ రాబర్ట్‌సన్ మీద వేలెత్తి చూపితే, అభియోగం మోపమని కాన్ఫెడరేట్ సేనాపతి రాబర్ట్ లీ అంతటివాడే చెప్పాడు. అయినా విచారణ జరగలేదు. రాబర్ట్‌సన్ 1928 దాకా బతికాడు. గెరిల్లా చాంప్ ఫెర్గూసన్‌ను మాత్రం యుద్ధం ముగిశాక, 1865 అక్టోబరు 20న నాష్‌విల్‌లో ఉరితీశారు. ఆస్పత్రిలో అతను చంపిన యూనియన్ తెల్ల అధికారి లెఫ్టినెంట్ స్మిత్ హత్య కూడా అతని నేరాల్లో ఉంది.

నల్లజాతి సైనికుణ్ణి చంపితే అడిగేవాడు లేడని సాల్ట్‌విల్‌లో తేలిపోయింది. సింప్సన్‌విల్‌లో పశువుల వెనుక నడుస్తున్నవాళ్ల మీదికి వచ్చిన గెరిల్లాలకు ఆ ధైర్యం అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

ఆ తర్వాత కెంటకీ ఎవరిని గుర్తుంచుకుందో చూడండి. రాష్ట్రం యూనియన్‌లోనే ఉండిపోయింది. ఇరవై వేలకు పైగా నల్లజాతి సైనికులను ఇచ్చింది. అయినా 1924లో ఫెయిర్‌వ్యూలో కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కు 351 అడుగుల స్తంభం పూర్తయింది, 1936లో రాష్ట్ర కాపిటల్ లోపల ఆయన విగ్రహం నిలబడింది. దాన్ని తీసింది 2020లో. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణకు ఈ రాష్ట్రం ఆమోదం తెలిపింది 1976లో. రోడ్డు పక్క బోర్డులు పెట్టే పని 1949లోనే మొదలైనా, ఈ 22 మంది వంతు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

సింప్సన్‌విల్ బోర్డు రాష్ట్రానిది కాబట్టి 2025 ఉత్తర్వు దాన్ని ముట్టుకోదు. ఆ సైనికులు బయల్దేరిన క్యాంప్ నెల్సన్ సంగతి వేరు. 2018 అక్టోబరులో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది ట్రంపే. కాబట్టి ఇప్పుడు అది నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది, ఆ ఉత్తర్వు పరిధిలోకీ వస్తుంది. 1864 నవంబరు చలిలో సైనికుల భార్యాపిల్లలను సుమారు 400 మందిని యూనియన్ సైన్యమే అక్కడి నుంచి గెంటేసింది. వాళ్లలో 102 మంది చనిపోయారు. దీన్ని గత అమెరికన్ల గురించి చెడుగా రాయడమని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఆ రాత ఉండాలో పోవాలో తేల్చేది ఫెడరల్ అధికారులే.