అరెస్టు వేళ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న నాంపల్లి కోర్టుల ముందు పోలీసు వ్యాను దిగుతున్న కుర్రవాణ్ణి చూసి, "దొంగకు హక్కులెందుకు తాతయ్యా?" అని మీలో ఒకరు అడిగారు. అతడు దొంగో కాదో తేల్చవలసింది కోర్టు. తేలిన తర్వాత కూడా అతడు మనిషే, కానీ ఆ సంగతి మరో ఉత్తరంలో రాస్తాను.

అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతోంది. ఆ గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్న దగ్గరే తిరకాసంతా ఉంది. నేను కోర్టు గుమాస్తాగా ఉన్నప్పుడు పోలీసులు కోర్టుకిచ్చిన ఒక రిమాండు రిపోర్టులో, అరెస్టు జరిగింది ముందురోజు సాయంత్రం ఆరు గంటలకని రాసి ఉంది. వరండాలో కూర్చున్న తల్లి మాత్రం, మొన్న తెల్లవారుజామునే తీసుకెళ్లారని ఏడుస్తోంది. మేజిస్ట్రేటు గారు పోలీసులను బయటికి పంపి, "కొట్టారా?" అని అడిగారు. కుర్రవాడు నోరు విప్పలేదు. చెప్పు విడిచి అరికాలు చూపించాడు. అది వాచి, నల్లగా కమిలిపోయి ఉంది.

పశ్చిమ బెంగాల్‌లో న్యాయసహాయ సంస్థను నడిపిన డి.కె. బసు, లాకప్ మరణాల వార్తలు చదివి 1986లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాస్తే, కోర్టు దాన్నే పిటిషనుగా తీసుకుంది. పదేళ్లకు, 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది: అరెస్టు పత్రంలో తేదీ, వేళ ఉండాలి, ఇంటివారో ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, బంధువులకు కబురు అందాలి. వీటిలో చాలావరకు తర్వాత చట్టంలోకే ఎక్కాయి.

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. ఉరి, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైల్లో గడిపితే అతణ్ణి బెయిలు మీద విడిచిపెట్టాలి. పాత చట్టంలో ఇది సగం. (ఒకటికి మించి కేసులున్నవారికి మాత్రం ఈ తలుపు మూసే ఉంది.) అయితే 15 రోజుల పోలీసు కస్టడీని (అంటే ఠాణాలో ఉంచి ప్రశ్నించడాన్ని) పాత చట్టంలోలా మొదటి పదిహేను రోజుల్లోనే కాక, నేరాన్ని బట్టి తొలి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా తీసుకునే వీలు కూడా ఈ సంహితే ఇచ్చింది. అంటే చంచల్‌గూడ జైలుకు చేరి, అమ్మయ్య అనుకున్న కుర్రవాణ్ణి నెల తిరిగాక మళ్లీ ఠాణాకు తీసుకెళ్లవచ్చు. ఆ అరికాలు చూసిన నాకు ఇది మింగుడుపడడం లేదు.

పద్దెనిమిదేళ్లు నిండని మిమ్మల్ని లాకప్‌లో పెట్టడమే చట్టవిరుద్ధం. మీ గల్లీలో పెద్దవారినెవరినైనా తీసుకెళ్తే, గడియారం చూసి వేళ రాసిపెట్టండి. ఆ తల్లి దగ్గర అలాంటి కాగితం లేదు. "పాలవాడు వచ్చిన వేళ" అని మాత్రమే చెప్పగలిగింది. రిపోర్టులో సాయంత్రం ఆరు అలాగే ఉండిపోయింది.

మీ తాతయ్య,
హైదరాబాద్