దండ ఎముక విరిగి, చర్మం కూడా చిట్లితే

పిల్లలూ,

చెయ్యి విరిగిందంటే పిండికట్టు, దాని మీద స్నేహితుల సంతకాలు, కొన్నాళ్లు హోంవర్కు బెడద లేకపోవడం మీకు గుర్తొస్తాయి. చాలామందికి అంతటితో నయమవుతుంది కూడా. నేను రాస్తున్నది వేరే రకం దెబ్బ గురించి. భుజానికీ మోచేతికీ మధ్య ఉన్న దండ ఎముక విరిగి, పైన గాయం కూడా అయితే దాన్ని ఓపెన్ ఫ్రాక్చర్ అంటారు.

ఎముక బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తేనే ఆ పేరు వర్తిస్తుందని పెద్దవాళ్లు కూడా పొరబడతారు. విరిగిన మొన లోపలి నుంచి చర్మాన్ని చీల్చి, మళ్లీ లోపలికి జారిపోవచ్చు. పైకి కనిపించేది సెనగగింజంత గాయం, కాస్త రక్తం, అంతే. ఈలోగా మట్టి, చొక్కా నూలుపోగులు, క్రిములు ఎముక దాకా చేరి ఉండవచ్చు. అందుకే డాక్టర్లు ముందు ఆ గాయాన్నే పట్టించుకుంటారు.

పూర్వం ఇలాంటి దెబ్బ తగిలితే గాయం కుళ్లి ప్రాణం పోతుందన్న భయంతో కాలో చెయ్యో తీసేసేవారు. 1865 ఆగస్టులో గ్లాస్గోలో పదకొండేళ్ల జేమ్స్ గ్రీన్‌లీస్ కాలి మీదుగా బండి వెళ్లింది. ఎముక విరిగింది, చర్మం చిట్లింది. జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో గాయాన్ని కప్పి కట్టు కట్టించాడు. గాయం కుళ్లలేదు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది, కాలు దక్కింది. ఆయన ఎముకకు కొత్త వైద్యమేమీ చెయ్యలేదు, క్రిములను అడ్డుకున్నాడు.

ఇప్పుడు ఆసుపత్రికి చేరగానే వీలైనంత త్వరగా నరం ద్వారా యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. అవసరాన్ని బట్టి ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ ఇస్తారు. ఆపరేషన్ థియేటర్లో చేసేది చూస్తే మీకు వింతగా ఉంటుంది. గాయాన్ని వెంటనే కుట్టకుండా ఇంకాస్త కోసి తెరుస్తారు! లోపల చచ్చిపోయిన కండను తీసేసి, లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడుగుతారు. ఆ తర్వాతే ఎముక సంగతి. ప్లేటు, స్క్రూలు వెయ్యవచ్చు, ఎముక లోపల రాడ్డు దించవచ్చు. గాయం బాగా మురికిగా ఉంటే చేతి బయటే కడ్డీల చట్రం బిగించి, ఒకటి రెండు రోజులకు మళ్లీ తెరిచి చూస్తారు.

దండ ఎముకకు ఇంకో చిక్కుంది. మణికట్టును పైకి లేపించే రేడియల్ నాడి (నెర్వ్) దాని వెనక భాగాన్ని చుట్టుకుంటూ కిందికి దిగుతుంది. ఎముక విరిగినప్పుడు అది నలిగితే మణికట్టు పైకి లేవక వేలాడిపోతుంది. డాక్టరు “మణికట్టు ఎత్తు, బొటనవేలు చాపు” అని అడిగేది ఇందుకే. చాలాసార్లు నాడి తెగదు, నలుగుతుంది. కొన్ని నెలల్లో తిరిగి కోలుకుంటుంది.

మీ కళ్లముందే ఎవరికైనా ఇలా జరిగితే 108కి ఫోన్ చేయండి. శుభ్రమైన గుడ్డతో గాయం కప్పండి. రక్తం ధారగా వస్తుంటే ఎముక మొన మీద కాకుండా దాని చుట్టూ అదిమి పట్టండి. బయటికొచ్చిన ఎముకను లోపలికి నెట్టవద్దు. చున్నీతోనో తువ్వాలుతోనో చేతిని ఛాతీకి ఆనించి కట్టండి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి. పసుపు, కాఫీ పొడి మాత్రం అద్దవద్దు. దెబ్బ తగిలినవాళ్లకు వెంటనే సోడా తాగించడం మనవాళ్లకు అలవాటు. అదీ వద్దు, మత్తుమందు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. నాటు కట్టు, పుత్తూరు కట్టు అని ఎవరైనా అంటే, గాయంతో పాటు ఎముక విరిగినప్పుడు అది దారి కాదని గట్టిగా చెప్పండి. పెద్దలకు ఎదురు చెప్పినా ఈ ఒక్క విషయంలో నేను మీవైపే.

ఎముక అతకడానికి నెలలు పడుతుంది. ఆలోగా భుజం, మోచెయ్యి బిగుసుకుపోకుండా డాక్టరు చెప్పిన వ్యాయామం రోజూ చెయ్యాలి. జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, పరీక్షలున్నాయని దాచకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య