ఒకే సంపు, వరదకీ కరువుకీ

2015 డిసెంబరు 1 రాత్రి చెన్నై వెస్ట్ మాంబళంలో మా సంపులోకి వీధి నీళ్లు దిగాయి, మూత తేలిపోయింది. 2019 జూన్‌లో అదే సంపులోకి నిచ్చెన వేసుకుని దిగి, అడుగున ఎండిన బురద గోకి బయటపోశాం. మధ్యలో గడిచింది మూడున్నరేళ్లే. "చెరువు ఉన్న చోట కాపురం పెట్టాం కదరా, ఇంకెలా ఉంటుంది?" అంటుంది మా పిన్ని.

ఆ మాట ఉత్తదేం కాదు. మాంబళం నుంచి నుంగంబాక్కం దాకా ఒకప్పుడు పొడవాటి చెరువు ఉండేది. జస్టిస్ పార్టీ ఏలుబడిలో, 1920లలో దాన్ని పూడ్చి ఇళ్ల స్థలాలు వేయడం మొదలుపెట్టారు. అదే టి. నగర్. పేటకేమో పిట్టి త్యాగరాయ చెట్టి పేరు, నడిమధ్య పార్కుకు పానగల్ రాజా పేరు. ఇద్దరూ ఆ పార్టీ నేతలే, తెలుగువాళ్లే! మా వైపు లేక్ వ్యూ రోడ్ ఉంది, నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్ ఉంది. లేకూ లేదు, వ్యూ అసలే లేదు.

చెరువులు ఊరికే తవ్వుకోలేదు పాతవాళ్లు. నైరుతి వాన పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తుంది, చెన్నైకి మిగిలేది తక్కువ. స్వాతి, విశాఖ కార్తెల వేళకి గాలి ఈశాన్యానికి తిరిగి బంగాళాఖాతం తేమను మోసుకొస్తుంది. ఏడాదికి పడే సుమారు 1,400 మిల్లీమీటర్లలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే. అదీ వాయుగుండం పడితే కుంభవృష్టి, పడకపోతే చినుకులు. విచిత్రమేమిటంటే, దేశంలో నైరుతిని దెబ్బతీసే ఎల్‌నినో ఇక్కడ ఈశాన్య వానను తరచూ పెంచుతుంది. 2015 అలాంటి ఏడే.

మూడు నెలల వానను ఏడాదంతా తాగాలి. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ నిండితే సుమారు 11 టీఎంసీలు. ఊరికి నెలకు ఒక టీఎంసీ దాకా కావాలి. అంటే ఒక్క ఈశాన్యం తప్పితే చాలు, బిందెలు వీధిలోకొస్తాయి. నిండిన ఏడు మరో టెన్షన్: చెంబరంబాక్కం గేట్లెత్తితే అడయారు నది ఊళ్లోకి వస్తుంది.

అందుకే కృష్ణ నీళ్లను కాలువల్లో చెన్నైకి తెచ్చే తెలుగుగంగ ఆలోచన నాకు తెలివైనదనిపిస్తుంది. కృష్ణ నిండేది నైరుతితో, చెన్నై తడిసేది ఈశాన్యంతో. ఒకటి తప్పితే రెండోది ఆదుకోవచ్చు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇవ్వాలి, దారిలో 3 ఆవిరికి పోగా 12 అందాలి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం చేసుకున్నారు. శ్రీశైలం, సోమశిల, కండలేరు మీదుగా నీళ్లు తమిళనాడు సరిహద్దు చేరింది 1996లో. కాలువ గట్లు కోసుకుపోతుంటే పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు లైనింగ్ వేయించింది. అయినా 12 అందని ఏళ్లే ఎక్కువ. పైన శ్రీశైలం అడుగంటితే కింద పూండికి ఏం వస్తుంది?

2003లో ప్రతి ఇంటికీ వాననీటి గుంత తప్పనిసరి చేశారు. తర్వాత మీంజూరు, నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్లు వచ్చాయి. 2019లో మాత్రం జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చి మళ్లీ ముంచింది.

అక్టోబరు రాగానే పిన్ని రెండు పనులు చేయిస్తుంది. మేడ మీది పైపులో ఆకులు తీయించి వాననీళ్లు గుంతలోకి మళ్లిస్తుంది. అదే రోజు ఫ్రిజ్ కింద నాలుగు ఇటుకలు పెట్టిస్తుంది.