సోలార్ ప్యానెళ్లపై నీళ్లు చల్లితే కరెంటు పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మాకు ఫోన్లు మాత్రం మార్చి నుంచే మొదలవుతాయి. "ఎండ ఇంత దంచుతోంది, యూనిట్లు పెరగట్లేదేంటండీ?" ఆ వెంటనే రెండో ప్రశ్న: "నీళ్లు చల్లమంటారా?" డాబాల మీద సోలార్ బిగించే పనిలో ఉన్నా కాబట్టి, రోజూ వినే మాటలకు ఒకేసారి జవాబు రాస్తున్నా.

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ.

ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని మీద రాసి ఉండే 540 వాట్లు లోపలి సోలార్ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మే నెలలో ఖమ్మంలో ఓ డాబా మీద మధ్యాహ్నం ఒంటిగంటకు టెంపరేచర్ గన్ పెడితే అద్దం వేడి 66 డిగ్రీలు చూపించింది. వేడెక్కే కొద్దీ వోల్టేజి పడిపోతుంది, దాంతో వచ్చే పవరూ తగ్గుతుంది. మోనో పెర్క్ అనే రకం ప్యానెల్‌కి డిగ్రీకి దాదాపు 0.35 శాతం పవర్, టాప్‌కాన్ అనే కొత్త రకానికి 0.30 దగ్గర తగ్గుతుందని కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లోనే ఉంటుంది. 25 కంటే 41 డిగ్రీలు ఎక్కువైతే పెర్క్ ప్యానెల్‌కి 14 శాతం పోయినట్టే. అంటే ఒక్క 540 ప్యానెల్ మీదే 75 వాట్ల పైన. చల్లబరిస్తే లాభమన్న మాట నిజమే, పేచీ అంతా ఆ తర్వాతే.

అపోహ: "నీళ్లు కొట్టగానే పెరిగింది, నా కళ్లతో చూశా."

నేనూ చూశా. అదే డాబా, 3 కిలోవాట్ల ప్లాంటు. ప్యానెళ్ల డీసీని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మీద 1.9 కిలోవాట్లు కనిపిస్తోంది. నేను వద్దనేలోపే ఇంటాయన పైపు పట్టి కొట్టేశారు. 2.35కి ఎగబాకింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఓ ఇరవై నిమిషాలు ఆగండి" అని కూర్చోబెట్టా. మజ్జిగ తాగి వచ్చి చూస్తే అద్దం మళ్లీ వేడెక్కింది, ఇన్వర్టర్ మాత్రం 2.2 దగ్గర నిలబడింది. చల్లదనం ఇచ్చింది 2.35 నుంచి తగ్గిపోయిన ఆ 0.15 మాత్రమే. మిగతా 0.3 మూడు నెలలుగా తుడవని దుమ్ము పోవడం వల్ల వచ్చింది. సగం మంది 'కూలింగ్' అనుకునేది నిజానికి కడగడమే.

అపోహ: చిన్న మోటారు, నాలుగు స్ప్రింక్లర్లు పెడితే చాలు.

అర హెచ్‌పీ మోటారు దాదాపు 500 వాట్లు లాగుతుంది. 20 డిగ్రీలు చల్లబడినా 3 కిలోవాట్ల ప్లాంటుకు వచ్చేది 160 వాట్లే. అరగంటకోసారి 5 నిమిషాలు నడిపితే సగటున మోటారు ఖర్చు 80 వాట్లు. కానీ మోటారు ఆగిన పది పదిహేను నిమిషాలకే ప్యానెల్ మళ్లీ కాగుతుంది కదా, ఆ 160 కూడా అరగంటంతా ఉండదు. మిగిలేది చిల్లరే. అదే డబ్బుతో ఇంకో ప్యానెల్ బిగించుకుంటే రోజుకు 2 యూనిట్లు వస్తాయి. "ట్యాంకు నీళ్లు వదులుతాం, మోటారెందుకు" అంటారు కొందరు. ఆ ట్యాంకు నిండిందీ మోటారుతోనే. పైగా మే నెలలో నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లతో చెయ్యి కడుక్కోవడానికే జంకుతాం.

అపోహ: నీళ్లే కదా, నష్టమేముంది?

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. వేడి అద్దం మీద నీరు ఆవిరైపోతుంది, సున్నం మిగిలిపోతుంది. కింది ఫ్రేము అంచున తెల్లటి చార గట్టిపడ్డాక గోటితో గీకినా రాదు, ఆ నీడ సెల్ మీద పడుతూనే ఉంటుంది. కాగిన అద్దం మీద ఒక్కసారిగా చల్లటి నీళ్లు పడితే పగులుతుందా అని కూడా అడుగుతారు. ప్యానెల్‌కి వాడే టెంపర్డ్ గ్లాసు (కాల్చి గట్టిపరిచిన అద్దం) మే నెల జల్లును తట్టుకుంటుంది, నిజమే. అంచున ముందే దెబ్బ ఉంటే మాత్రం గ్యారంటీ లేదు. పగిలిన ప్యానెల్ మీద నీళ్లు పోస్తే డీసీ షాక్ ప్రమాదం కూడా. కడగడమైతే పొద్దున్నే.

అపోహ: నీళ్ల మీద తేలే ప్లాంట్లు చల్లగా ఉండేది నీళ్లలో మునగడం వల్ల.

రామగుండం రిజర్వాయర్‌లో ఎన్టీపీసీ 100 మెగావాట్లు, విశాఖ దగ్గరి సింహాద్రిలో 25 మెగావాట్లు ఇలాగే తేలుతున్నాయి. ప్యానెళ్లు ఫ్లోట్ల మీద ఉంటాయి, నీటిని తాకవు. చల్లబరిచేది కింద ఆడే గాలి. భూమి కలిసిరావడం, నీటి ఆవిరి తగ్గడం అక్కడి అసలు లాభాలు.

గాలంటే గుర్తొచ్చింది. రేకుల షెడ్డుకు ప్యానెళ్లు అతికించినట్టు బిగించి, తర్వాత నీళ్ల కోసం అడిగేవాళ్లున్నారు. కింద జానెడు సందు వదిలితే గాలే ఉచితంగా చల్లబరుస్తుంది. డాబా మీదైతే పందిరిలా ఎత్తు స్ట్రక్చర్ ఇంకా మేలు.

నీళ్లు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది: పొలంలో సోలార్ పంపుసెట్టు. అక్కడ నీళ్లు ఎలాగూ పైకొస్తున్నాయి, పక్కనే ప్యానెళ్లు. డెలివరీ పైపు నుంచి చిన్న గొట్టం తీసి, పై అంచున సన్నగా పారించి, కిందికి జారిన నీటిని కాలువలోకి మళ్లిస్తే వేరే మోటారు అక్కర్లేదు. పొద్దున్నే, ప్యానెల్ వేడెక్కకముందే మొదలుపెట్టి ఆపకుండా పారించాలి. ఆగి ఆగి తడిపితేనే సున్నం పడుతుంది.