విలసా? పులసా?

పిల్లలూ,

మొన్న మన బుజ్జమ్మ హైదరాబాద్ హాస్టల్ నుంచి రాత్రి ఒంటిగంటకి వాయిస్ మెసేజ్ పెట్టింది. "తాతయ్యా, బొట్టు పెట్టుకుని గుడికెళ్తే రూంలో పంతులమ్మ అంటున్నారు, మానేస్తే అమ్మేమో సిటీ గాలి తగిలిందంటోంది, అసలు నేనెవర్ని?" పొద్దున్నే కాఫీ తాగుతా విన్నా, ఏం చెప్పాలో తోచక రేవుకెళ్తే గోదారికి వరద ఎర్రనీరొచ్చేసింది, పులస చేప కోసం జనం అప్పుడే కార్లేసుకుని దిగిపోయారు.

ఈ చేప సముద్రంలో ఉన్నంతసేపూ విలస. వరదకి ఎదురీది గోదాట్లోకొస్తే పులస. చేప అదే. విలసని పెద్దగా పట్టించుకోరు, పులసకైతే పుస్తెలమ్మడానికీ రెడీ అంటారు మనోళ్ళు. సముద్రంలో ఉప్పునీళ్ళు తాగి, ఎక్కువైన ఉప్పుని మొప్పల్లోంచి బయటికి తోసేస్తుంది, ఏట్లోకొచ్చాక అవే మొప్పలు ఉప్పుని లోపలికి లాక్కోవాలి, పని మొత్తం తిరగబడిందన్నమాట, అది ఒక్క పూటలో అయ్యేది కాదు, ఉప్పూ మంచీ కలిసే నీళ్ళలో ఒళ్ళు అలవాటు చేసుకోవాలి. గుడ్లు పెట్టి మళ్ళీ సముద్రానికే పోతుంది, వలలో పడకపోతే. (ఇక్కడ నా పోలిక తేడా కొడుతోంది, పులుసయ్యేది మీరు కాదు కదా.)

నేను కాకినాడలో చదివేటప్పుడు మా అమ్మ సోమవారం సోమవారం విభూది దట్టంగా రాసి పంపేది. ముక్తేశ్వరం రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతలొడ్డు కోటిపల్లి చేరేలోపు దోసెడు గోదారి నీళ్ళతో కడిగేసేవాణ్ణి, శనివారం తిరిగొచ్చేటప్పుడు పొట్లం విప్పి మళ్ళీ రాసుకోవడం. ఓ రోజు మా ఊరి సాయిబుగారబ్బాయి టోపీ మడిచి జేబులో పెట్టుకుంటా నన్ను చూశాడు, ఇద్దరం నవ్వలేక చచ్చాం. అప్పటిదాకా దొంగని నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. ఆ రాత్రి హాస్టల్లో నిద్ర బాగా పట్టింది. కోటిపల్లి సోమేశ్వరుడు నన్నెప్పుడూ ఏమీ అనలేదర్రా, అనుకున్నదంతా నేనే.

బుజ్జమ్మా, రూంలో ఇంకెవరు ఏం మడిచి జేబులో పెట్టుకుంటున్నారో కాస్త చూడు. నిద్రపట్టకపోవడం రోజుల తరబడి ఉంటే మాత్రం దాచుకోకు, నాకు ఫోన్ చెయ్యి, నాతో చెప్పలేనిదైతే మనసు బాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలి మానస్ 14416కి చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. మీ అమ్మ ఆంజనేయస్వామికి దండం పెట్టుకోమంటుంది, అదీ పెట్టుకో.

శ్రావణంలో సెలవు దొరికితే అందరూ రండి, గోదారి సముద్రంలో కలిసే అంతర్వేది తీసుకెళ్తా. ఎర్రనీరు ఎక్కడ అయిపోయి సముద్రం ఎక్కడ మొదలైందో వేలెట్టి చూపించాలి, నావల్ల ఇప్పటికీ కాలేదు. పాత చెప్పులేసుకురండి, బురద.

మీ తాతయ్య