గడియారం చెప్పే కాకిలెక్క

గంటసేపు వేగంగా నడిచొచ్చి, బూట్లు విప్పకముందే మణికట్టు వంక చూసుకున్నాను. 340 కేలరీలు ఖర్చయ్యాయంటోంది గడియారం. ఒళ్ళంతా చెమట, పిక్కలు లాగేస్తున్నాయి, ఆకలి నకనకలాడుతోంది. అలాంటప్పుడు బుర్రలోకి వచ్చే ఆలోచన ఒక్కటే: 340 ఖర్చు పెట్టాను కాబట్టి 340 తింటే చెల్లుకు చెల్లు. బరువు తగ్గాలని నడుం కట్టినవాళ్ళు చాలామంది బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. నేనూ పడ్డాను. మూడు నెలలు ఒక్కరోజు మానకుండా నడిచినా కేజీ కూడా తగ్గకపోతే, బరువు చూసుకునే యంత్రం పాడైందనుకుని కొత్తది కొన్నాను. అదీ అదే అంకె చూపించింది.

ఆ 340ని కాస్త విప్పి చూద్దాం. శ్రమను కొలవడానికి పరిశోధకులు 'మెట్' అనే కొలమానం వాడతారు (ఎక్కే మెట్లకీ దీనికీ సంబంధం లేదు). కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లో జరిగే ఖర్చు ఒక మెట్. అంటే కేజీ బరువుకి గంటకి సుమారు ఒక కేలరీ. తిండి గురించి మాట్లాడేటప్పుడు మనం కేలరీ అనేది నిజానికి కిలోకేలరీ, కానీ అందరికీ అలవాటైన మాటే నేనూ వాడుతున్నాను. చదునైన దారిలో గంటకి 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే సుమారు 3.5 మెట్లు. అప్పటికి నా బరువు 75 కేజీలు. రెండూ గుణిస్తే 262. గడియారం ఇక్కడే 78 ఎక్కువ చెప్పింది.

అసలు మెలిక దీని తర్వాత ఉంది. ఆ గంటా నేను నడవకుండా కుర్చీలో కూర్చున్నా గుండె కొట్టుకునేది, ఊపిరి ఆడేది, మెదడు, కాలేయం వాటి పని అవి చేసుకునేవి. ఆ ఖర్చు 75 కేలరీలు ఎలాగూ ఉంటుంది. రోజు మొత్తం మీద ఎంత తినాలో లెక్కేసుకున్నప్పుడు దాన్ని ముందే కలిపేశాం. మళ్ళీ నడక పద్దులో రాస్తే ఒకే ఖర్చుని రెండుసార్లు రాసుకున్నట్టు. అది తీసేస్తే నడక వల్ల అదనంగా ఖర్చయింది 187. గడియారాన్ని నమ్మి 340 తిన్నానంటే, లోటు (ఖర్చు కన్నా తక్కువ తినడం) మాట అటుంచి, 153 మిగిలాయి. పైగా 187 కేలరీలంటే ఎంతని? 30 గ్రాముల బాదం లాంటి గింజపప్పులు, అంటే పిడికెడు, తింటే సుమారుగా అన్నీ తిరిగొచ్చేస్తాయి. గంట కష్టం రెండు నిమిషాల నమలడంతో సరి.

గడియారం తప్పు చెప్పడం నా ఒక్కడి అనుభవం కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు రకాల చేతి పరికరాలను 60 మందికి తొడిగి పరీక్షించారు. గుండె వేగం చాలావరకు బాగానే చెప్పాయి. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిట్లోకీ మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అధ్వానమైనది 93 శాతం.

అయితే యంత్రాన్ని ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు, మన లెక్క అంతకన్నా ఘోరం. ఎంత నోరు కట్టుకున్నా బరువు తగ్గడం లేదని వాపోయే కొందరిని న్యూయార్క్‌లో పరిశీలించి, 1992లో ఆ ఫలితాలు ప్రకటించారు. వాళ్ళ శరీరం ఖర్చు పెట్టే తీరులో లోపమేమీ కనబడలేదు. తిన్నదాన్ని మాత్రం అసలు కన్నా 47 శాతం తక్కువగా, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువగా చెప్పుకున్నారు. అలాగని వాళ్ళని అబద్ధాలకోరులనలేం. వంట చేస్తూ చూసిన రుచి, పారేయడం ఇష్టంలేక తిన్న రెండు ముద్దలు, మాటల్లో పడి నోట్లో వేసుకున్న చిరుతిండి ఎవరికి గుర్తుంటాయి?

ఇంతవరకూ చెప్పింది కూడికలూ తీసివేతలే. శరీరం ఇంత బుద్ధిగా మన లెక్కలకి లొంగిపోతుందా అంటే, అదీ లేదు.

మనిషి రోజంతా ఎంత శక్తి ఖర్చు పెడతాడో గదిలో బంధించకుండా కొలిచే చక్కటి ఉపాయం ఒకటుంది. బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ ఉన్న నీళ్ళు కొద్దిగా తాగిస్తారు. ఆ హైడ్రోజన్ మూత్రంలోనో చెమటలోనో నీరుగానే బయటికి పోతుంది. ఆక్సిజన్ నీరుగానూ పోతుంది, మనం వదిలే బొగ్గుపులుసు వాయువుతో కలిసీ పోతుంది. వారం పది రోజుల పాటు మూత్రం పరీక్షించి, ఆ రెండూ తగ్గే వేగాల్లో తేడా చూస్తే మనిషి ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలాడో తెలుస్తుంది. దాన్నిబట్టి ఒంట్లో ఎంత ఇంధనం మండిందో లెక్క కట్టొచ్చు. (కరిగిన కొవ్వు చెమటగా కారిపోతుందని చాలామంది అనుకుంటారు. 10 కేజీల కొవ్వు ఖర్చయితే అందులో 8.4 కేజీలు బొగ్గుపులుసు వాయువై ఊపిరితోనే పోతాయి. నీరుగా పోయేది 1.6 కేజీలే.)

ఈ పద్ధతితో అమెరికా మానవశాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ బృందం టాంజానియాలో వేట, ఆహార సేకరణ మీద బతికే హాడ్జా ప్రజల ఖర్చు కొలిచి 2012లో ప్రకటించింది. రోజూ మైళ్ళకొద్దీ నడుస్తారు, దుంపలు తవ్వుతారు, చెట్లెక్కుతారు. కుర్చీలో కూర్చుని బతికే పాశ్చాత్యుల కన్నా వాళ్ళ ఖర్చు ఎంతో ఎక్కువ ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఒంటి పరిమాణంలో తేడాని సరిచేసి చూస్తే, ఇద్దరి ఖర్చూ దాదాపు ఒక్కటే! శ్రమ పెరిగినప్పుడు శరీరం తక్కిన పద్దుల్లో చెయ్యి బిగించి మొత్తం ఖర్చుని అదుపులో పెట్టుకుంటుందన్నది పాంట్జర్ వాదన. ఎంత బిగిస్తుంది, అందరిలోనూ బిగిస్తుందా అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా గట్టిగానే వాదోపవాదాలు నడుస్తున్నాయి. ఒక్క సంగతి మాత్రం మన ఇళ్ళలోనే చూడొచ్చు. పొద్దున్నే చెమటోడ్చి వ్యాయామం చేసిన మనిషి మధ్యాహ్నానికి సోఫాలో వాలిపోతాడు, లేచి తెచ్చుకోవాల్సిన మంచినీళ్ళు ఇంకొకరిని అడుగుతాడు. ఇలా మనకు తెలియకుండా పెరిగే, తరిగే చిల్లర కదలికలు తక్కువవేం కావు. 1999లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజూ 1,000 కేలరీలు అదనంగా పెట్టారు. ఒకరికి 0.36 కేజీల కొవ్వు పెరిగితే ఇంకొకరికి 4.23 కేజీలు పెరిగింది. తేడా ఎక్కువగా వచ్చింది ఈ చిల్లర కదలికల దగ్గరే.

అందుకే నా మటుకు నేను తేల్చుకున్నదేమిటంటే, లోటు కంచంలో పెట్టుకోవాలి. వ్యాయామాన్ని కేలరీలు తగలబెట్టే పొయ్యిలా చూడకూడదు. రోజుకి 300 నుంచి 500 కేలరీలు తక్కువ తినడం చాలామందికి మోయగలిగిన భారం. గంట నడక ఆ లోటుకి చన్నీళ్ళకు వేన్నీళ్ళలా తోడైతే మంచిదే, కానీ దాన్ని తినడానికి దొరికిన అప్పుగా వాడుకోకూడదు.

మరి వ్యాయామం దేనికి? ముందు కండ కోసం. తిండి తగ్గించినప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండనీ కరిగించుకుంటుంది. బరువు చూసే యంత్రానికి ఆ రెంటికీ తేడా తెలియదు, అంకె తగ్గితే మనం సంబరపడిపోతాం. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 40 మంది యువకుల చేత నాలుగు వారాలు గట్టి వ్యాయామం చేయించారు. బరువులు ఎత్తించడమూ అందులో భాగమే. తిండిలో 40 శాతం కోత పెట్టారు. సగం మందికి కేజీ బరువుకి రోజుకి 1.2 గ్రాముల మాంసకృత్తులు, మిగతా సగానికి 2.4 గ్రాములు ఇచ్చారు. 2016లో ప్రకటించిన ఫలితం ఇదీ: తక్కువ తీసుకున్నవాళ్ళకి కండ ఉన్నంతా నిలబడింది, 3.5 కేజీల కొవ్వు పోయింది. ఎక్కువ తీసుకున్నవాళ్ళకి 4.8 కేజీల కొవ్వు పోగా, అంత కోతలోనూ 1.2 కేజీల కండ పెరిగింది. వాళ్ళు కుర్రాళ్ళు, చేసింది మామూలు కసరత్తు కాదు, కాబట్టి ఆ అంకెలు మనకి వర్తించవు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా మాంసకృత్తులు పెంచనే కూడదు. అయినా వారానికి రెండుసార్లు ఏదో ఒక బరువు ఎత్తడం, తక్కువ తింటున్నప్పుడు మాంసకృత్తుల్లో కోత పెట్టకపోవడం ఎవరికైనా పనికొస్తాయి.

రెండోది, తగ్గిన బరువు నిలబడ్డం కోసం. తగ్గడం కన్నా ఇదే కష్టం. అమెరికాలో ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షిస్తే, విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ళ శరీరం చేసే ఖర్చు ఉండాల్సిన దానికన్నా రోజుకి సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. చాలామంది బరువు వెనక్కొచ్చేసింది. నిలబెట్టుకున్నవాళ్ళని వేరు చేసి చూస్తే, పోటీకి ముందుకన్నా శారీరక శ్రమ 160 శాతం పెంచుకున్నట్టు తేలింది. మళ్ళీ పెరిగినవాళ్ళు పెంచుకున్నది 34 శాతమే. కనీసం 13.6 కేజీలు తగ్గి ఏడాది పాటు అలాగే ఉన్నవాళ్ళ వివరాలు అమెరికాలో 1994లో నమోదు చేయడం మొదలుపెట్టారు. వాళ్ళూ సగటున రోజుకి గంట సేపు వ్యాయామం చేస్తామనే చెప్పారు. తగ్గించడంలో వెనకబడ్డ వ్యాయామం కాపలా కాయడంలో ముందుంటుందన్నమాట.

ఇదంతా చదివి మరీ బిగదీసుకునేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ కోసం ఇంకో లెక్క. 55 కేజీల అమ్మాయి, ఒంట్లో కొవ్వు తీసేస్తే 42 కేజీలు. రోజుకి 1,500 కేలరీలు తింటూ, పరుగులో 500 ఖర్చు చేస్తోంది. మిగిలినవి 1,000. దాన్ని 42తో భాగిస్తే కేజీకి 24. ఈ అంకె 30కి దిగువన చాలాకాలం ఉంటే ఆడవాళ్ళలో నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి, థైరాయిడ్ మందగిస్తుంది. మగవాళ్ళకీ ఇబ్బంది తప్పదు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి 'రెడ్-ఎస్' (క్రీడల్లో శక్తి లోటు) అని పేరు పెట్టింది. ఇంతగా పరిగెత్తేవాళ్ళు ఖర్చు పెట్టినదాంట్లో చాలా భాగం తిరిగి తినాల్సిందే. వ్యాయామం చేసింది తినకూడదన్న నా మాట గంట నడిచే మామూలు మనిషికి సంబంధించింది.

కేజీ కొవ్వంటే 7,700 కేలరీలని అందరూ చెప్పుకునే సూత్రంలోనూ చిక్కుంది. రోజుకి 240 తగ్గిస్తే ఏడాదికి 11 కేజీలు తగ్గాలి, రెండో ఏడు మరో 11. అలాగే పోతే కొన్నాళ్ళకి మనిషే మిగలడు! ఒళ్ళు చిన్నదయ్యే కొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది, అదే దూరం నడిచినా తక్కువే ఖర్చవుతుంది. ఇదంతా లెక్కలోకి తీసుకుని అమెరికా శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం 2011లో చెప్పిన అంచనా ఇలా ఉంటుంది: రోజుకి 24 కేలరీలు ఎప్పటికీ తగ్గిస్తే చివరికి ఒక కేజీ తగ్గుతుంది, అందులో సగానికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే 240కి మొదటి ఏడు 5 కేజీలు.

అయినా నాలుగు వారాల లోపు లెక్కకి ఆ పాత సూత్రమే చాలు. రోజూ పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక బరువు చూసి రాసుకుంటాను. ఏ రోజు అంకెనీ పట్టించుకోను. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం గ్రాముకి మూడు గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుతుంది కాబట్టి, కేజీ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. వారం సగటు, దాని తర్వాత వారం సగటు, అంతే చూస్తాను. రోజుకి 500 లోటనుకున్నాను, మూడు వారాల్లో 1.4 కేజీలు తగ్గాలి. తగ్గింది 0.6. దాన్ని 7,700తో గుణించి 21 రోజులకి పంచితే అసలు లోటు 220. నేను తిన్నవి రాసుకునే చిట్టాలో రోజుకి 280 కేలరీలు ఎక్కడో కారిపోతున్నాయి.

వెతగ్గా వెతగ్గా వంటింట్లో దొరికింది. నూనె సీసాని పొద్దునొకసారి, రాత్రొకసారి తూచాను. ఇంట్లో అందరికీ పంచగా నా వాటాకొచ్చింది 27 గ్రాములు, రెండు పెద్ద చెంచాలు. గ్రాముకి తొమ్మిది చొప్పున 240 కేలరీలు పైనే. చిట్టా తీసి మొదటి రోజు నుంచీ తిరగేశాను. నూనె అన్న పద్దే లేదు.