కుందేలు పెంపుడు జంతువా, పశువా? అమెరికాలో వందేళ్లు దాటిన పంచాయితీ

అమెరికాలో కుందేళ్లు పెంచేవాళ్లని "ఇవి మీకు పెట్సా, పశువులా?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు రాదు. తప్పించుకోవడానికే సూటిగా చెప్పరని చాలామంది అనుకుంటారు గానీ, ఒకే ఈతలో పుట్టిన ఎనిమిది పిల్లల్లో వాళ్లకి రెండు రకాలూ ఉంటాయి. ఎనిమిది వారాలు వచ్చేసరికి ఒక్కో పిల్లనీ బల్ల మీద పెట్టి చూస్తారు. పై పళ్లు, కింది పళ్లు సరిగా కలుస్తున్నాయా? భుజం నుంచి తుంటి దాకా చెయ్యి పెట్టి నిమిరితే కండ నిండుగా తగులుతోందా? రంగు కుందేలుకి ఒక్క గోరు తెల్లగా ఉన్నా, జాతి లక్షణాలు చూసి బహుమతులిచ్చే పోటీకి పనికిరాదు. నచ్చినవాటిని పోటీలకో, ఈతకో ఉంచుకుని ఎడమ చెవి లోపల నంబరు పచ్చబొట్టు పొడుస్తారు. తెల్లగోరు పిల్ల ఎవరింట్లోనో ముద్దుగా పెరగడానికి వెళ్తుంది. మిగిలినవి మాంసానికి.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. ఇళ్లలో పెరిగే కుందేళ్ల మూలం స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు అడవి కుందేలు. రోమన్లు వాటిని గోడలు కట్టిన ఆవరణల్లో తిండికోసం పెంచారు. 19వ శతాబ్దానికి ఇంగ్లండ్‌లో కార్మికుల పెరళ్లలో అదే కుందేలు ఒక పక్క కూరకీ, ఇంకో పక్క పోటీలకీ పెరిగింది. చెవుల పొడవు కొలిచి బహుమతులిచ్చే పోటీలు అప్పటివే.

అమెరికాలో అసలు కథ 1900 ప్రాంతంలో మొదలైంది. బెల్జియన్ హేర్ అనే సన్నటి, పొడుగు కాళ్ల కుందేలు మీద లాస్ ఏంజెలెస్ కేంద్రంగా పెద్ద మోజు లేచింది. ఇంగ్లండ్ నుంచి ఓడల్లో వచ్చిన మేలుజాతి మగ కుందేళ్లు వందలు, వేల డాలర్లు పలికాయి. కొన్నవాళ్లలో ఎక్కువమంది పిల్లల్ని అమ్ముకుందామని కొన్నవాళ్లే. ఆ ధరకి తినడానికి ఎవరూ కొనరు. కొద్ది ఏళ్లలోనే బజారు కుప్పకూలింది. ఈము పక్షుల వ్యాపారం లేచి పడటం చూసిన తెలుగు రైతులకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అమెరికన్ రాబిట్ బ్రీడర్స్ అసోసియేషన్ అని పిలిచే సంఘం 1910లో పుట్టింది. జాతులకి లక్షణాలు రాసిపెట్టి, జడ్జీలని తయారుచేసే పని దానిది. 1928లో ఫెడరల్ వ్యవసాయ శాఖ కాలిఫోర్నియాలోని ఫోంటానాలో కుందేళ్ల పరిశోధన కేంద్రం కూడా తెరిచింది. అమెరికాలోనే తయారైన న్యూజీలాండ్ వైట్ జాతి మాంసానికీ, బొచ్చుకీ, ప్రయోగశాలలకీ అన్నిటికీ పనికొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మాంసం రేషన్‌లో దొరుకుతుంటే పెరట్లో కుందేళ్లు పెంచమని ప్రభుత్వమే చెప్పింది. యుద్ధం అయ్యాక చవకగా కోడిమాంసం వచ్చేసి ఆ మార్కెట్‌ను తినేసింది. పోటీలు మాత్రం ఆగలేదు. ఇప్పటికీ కౌంటీ (మన జిల్లా లాంటిది) సంతల్లో స్కూలు పిల్లలు ఒకే జాతివి, పది వారాలు దాటనివి మూడు కుందేలు పిల్లల్ని జట్టుగా తెచ్చి మాంసం విభాగంలో నిలబెడతారు. చాలాచోట్ల గెలిచినవాటిని వేలం వేస్తారు.

చట్టం దగ్గరికి వస్తే నాకు బాధ కలుగుతుంది. పశువుల్ని స్పృహ తప్పించాకే కోయాలనే 1958 నాటి ఫెడరల్ చట్టం కుందేళ్లకి వర్తించడం లేదు. ఆవు, పంది మాంసానికి ప్రభుత్వ తనిఖీ తప్పనిసరి. కుందేలు మాంసానికి ఆ తనిఖీ కావాలంటే యజమానే ఫీజు కట్టి పిలిపించుకోవాలి. 1966 జంతు సంక్షేమ చట్టం కుందేలు పేరు ఎత్తింది గానీ, ప్రయోగశాలల్ని దృష్టిలో పెట్టుకుని ఎత్తింది. పెంపకందారు మనసులో రెండు లెక్కలుంటే నేను తప్పు పట్టను. ఆ రెండు లెక్కల మధ్య చట్టం వదిలేసిన ఖాళీలో నష్టపోయేది మాత్రం కుందేలే.

1988లో కాలిఫోర్నియాలో మొదలైన హౌస్ రాబిట్ సొసైటీ అనే కుందేలు ప్రేమికుల సంఘం ఈ రెండు లెక్కల పద్ధతినే కాదంది. కుందేలు పెరటి బోనులో కాదు, ఇంట్లో మనుషుల మధ్య ఉండాలంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకి వయసు పైబడేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ కాబట్టి ఆపరేషన్ చేయించమంది. వైద్యపరంగా అది మంచి సలహానే. కానీ ఈత మీదే బతికే పెంపకందారుకి అది పెంపకం మానుకోమన్నట్టే. ఇద్దరికీ పొసగకపోవడానికి అసలు కారణం ఇదే. 2014లో హోల్ ఫుడ్స్ అనే సూపర్‌మార్కెట్ సంస్థ కొన్ని స్టోర్లలో కుందేలు మాంసం పెడితే దుకాణాల ముందు నిరసనలు జరిగాయి. మరుసటేడు అమ్మకం ఆపేసింది.

అదే 2014లో మన దేశంలోనూ గొడవైంది. ఆహార భద్రత నిబంధనల జాబితాలో లేని జంతువుల్ని మాంసానికి కోయకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పేసరికి కేరళలో కుందేళ్ల రైతులు ఇరుక్కుపోయారు. గొర్రె, మేక, పంది ఉన్న ఆ జాబితాలో కుందేలు లేదు. తర్వాత పెంపుడు కుందేలుని చేర్చారు. 2018 పెట్ షాపుల నిబంధనల్లో మళ్లీ కుక్క, పిల్లి పక్కన అదే కుందేలు. మన పొలాల్లో పరిగెత్తే చెవులపిల్లి వేరే జాతి. 1972 వన్యప్రాణి చట్టం కింద దాన్ని వేటాడటం నేరం.

2020లో అమెరికా నైరుతి రాష్ట్రాల్లో కుందేళ్లకి రక్తస్రావ వైరస్ సోకింది. పొద్దున్న మేత తిన్నది సాయంత్రానికి చచ్చిపడి ఉండేది. ఇంటి కుందేళ్లనీ, అడవి కుందేళ్లనీ ఒక్కలాగే తీసుకుపోయింది. మొదట్లో యూరప్ టీకాని ప్రత్యేక అనుమతితో పశువైద్యులే తెప్పించుకోవాల్సి వచ్చింది. 2021 అక్టోబరులో అమెరికాలో తయారైన టీకాకి అత్యవసర అనుమతి దొరికింది. మూడు వారాల తేడాతో రెండు డోసులు, ఆపైన ఏటా ఒకటి. ఇంట్లో రెండు కుందేళ్లున్నవాళ్లు డాక్టరు ఫీజుతో సహా భరించగలరు. వంద బోనులున్న రైతు పోటీ కుందేళ్లకీ, ఈతకి ఉంచుకున్నవాటికీ ముందు వేయిస్తాడు. పది వారాల్లో కోతకి వెళ్లేవాటికి వేయించాలా వద్దా అని టెన్షన్ పడతాడు.